వీఎం నడుస్తోంది కానీ మేనేజర్‌లో కనిపించడం లేదు. ముట్టుకోవచ్చా?

గాజువాక_అడ్మిన్ | శుక్రవారం రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ఒక విడిభాగాల వ్యాపారి దగ్గరున్న సర్వర్‌ని 2 నెలల నుంచి నేను చూసుకుంటున్నాను. ఉబుంటు లినక్స్ మీద కేవీఎం, అంటే ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషిన్లు (వీఎంలు) నడిపే ఏర్పాటు. నాకు ముందు చూసుకున్న అన్న హైదరాబాద్ వెళ్లిపోయారు, ఏదీ రాసిపెట్టలేదు.

రేపు రాత్రి కెర్నల్ అప్‌డేట్ పెట్టి సర్వర్‌ని రీబూట్ చేద్దామని, వీఎంల జాబితా చూపే వర్ట్ మేనేజర్ తెరిచాను. 4 వీఎంలు కనిపించాయి. బిల్లింగ్ వీఎం మాత్రం లేదు. కమాండ్ లైనులో వర్ష్ లిస్ట్‌కి ఆల్ అని (ఆగినవి కూడా చూపించమని) తగిలించినా లేదు. కానీ బిల్లింగ్ నడుస్తూనే ఉంది, కౌంటర్‌లో పిల్లలు ఇప్పుడు కూడా బిల్లులు కొడుతున్నారు. పింగ్ వస్తోంది.

డేటా డైరెక్టరీలో బిల్లింగ్ అనే 80 జీబీ క్యూకౌ2 ఫైలు (వీఎం డిస్క్) కనిపించింది. ఎంట్రీ పోయి ఉంటుందనుకుని ఆ ఫైలుతోనే కొత్త వీఎం చేసి స్టార్ట్ నొక్కాను. 'రైట్ లాక్ దొరకలేదు, ఈ ఇమేజ్‌ని వేరే ప్రాసెస్ వాడుతోందా' అని ఎర్రర్ వచ్చింది. అప్పటి నుంచి చేతులు ఆడటం లేదు. సర్వర్‌ని రీబూట్ చేస్తే ఇది మళ్లీ లేస్తుందా? ఏదైనా పాడుచేశానా?

సీతమ్మధార_లినక్స్ | 9:24

తమ్ముడూ, ఏమీ పాడవలేదు. ఆ ఎర్రరే నిన్ను కాపాడింది. ఇంక స్టార్ట్ నొక్కకు, కొత్తగా చేసిన ఆ ఎంట్రీని తీసెయ్. తీసేటప్పుడు 'స్టోరేజ్ ఫైళ్లు కూడా డిలీట్ చెయ్యాలా' అని టిక్కు బాక్స్ వస్తుంది, అది ఖాళీగా ఉందో లేదో 2 సార్లు చూసుకో.

ఆ లాక్ క్యూఎము (వీఎంని నిజంగా నడిపే ప్రోగ్రాం) 2.10లో వచ్చింది, 2017లో. అంతకుముందు ఇలాంటి అడ్డు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను పనిచేసే చోట కరెంటు లేక అన్నీ పడిపోయాయి. జనరేటర్ మీద ఒక్కొక్కటీ లేపుతూ, మేనేజ్‌మెంట్ డేటాబేస్‌ని పాత బ్యాకప్ నుంచి తెచ్చాం. ఆ పాత డేటాబేస్ ప్రకారం ఒక వీఎం మొదటి సర్వర్‌లో ఉండాలి. నిజానికి అది అప్పటికే రెండో సర్వర్‌లో లేచి నడుస్తోంది. డిస్క్ ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్‌లో పంచుకునే స్టోరేజ్) మీద ఉంది కాబట్టి ఇద్దరికీ అందింది. ఒకే డిస్క్ మీద రెండు వీఎంలు 20 నిమిషాలు రాశాయి. ఆ ఫైల్‌సిస్టమ్ మళ్లీ కోలుకోలేదు. అందుకే 'కనిపించడం లేదు, స్టార్ట్ చేశాను' అని ఎవరన్నా ఇప్పటికీ నాకు గుండె ఆగుతుంది.

ముందు ఒకటి చూడు. వర్ష్‌ని సుడోతో (రూట్‌గా) నడిపావా, నీ యూజర్‌తోనా? లిబ్‌వర్ట్‌కి, అంటే వర్ష్, వర్ట్ మేనేజర్ల వెనక ఉండి వీఎంలను చూసుకునేదానికి, సిస్టమ్ కనెక్షన్ వేరు, సెషన్ కనెక్షన్ వేరు. ఆ అన్న తన యూజర్ సెషన్‌లో చేసి ఉంటే రూట్‌కి అది కనిపించదు.

గాజువాక_అడ్మిన్ | 9:31

ఎంట్రీ తీసేశాను, టిక్కు లేదు, ఫైలు భద్రంగా ఉంది. సుడోతో చూశాను, ఆయన యూజర్‌తో సెషన్ కూడా చూశాను. రెండింట్లోనూ లేదు.

ద్వారకానగర్_హార్డ్‌వేర్ | 9:38

ఇంత ఆలోచన దేనికి? కొట్టు మూసేశాక పీఎస్‌లో (నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితాలో) ప్రాసెస్ పట్టుకుని కిల్ (బలవంతంగా ఆపే కమాండ్) కొట్టండి, లాక్ పోతుంది. తర్వాత అదే ఫైలుతో లిబ్‌వర్ట్‌లో కొత్త వీఎం. 5 నిమిషాల పని.

మధురవాడ_ప్రాక్స్‌మాక్స్ | 9:46

వద్దు. డేటాబేస్ నడుస్తున్న వీఎంని కిల్ కొట్టడం అంటే పనిచేస్తున్న కంప్యూటర్ ప్లగ్ పీకడమే. గెస్ట్ (వీఎం లోపలి సిస్టమ్) మెమరీలో ఉండి ఇంకా డిస్క్‌కి చేరని రాతలన్నీ పోతాయి. పదిసార్లలో తొమ్మిదిసార్లు లేస్తుంది, నిజమే. లేవని ఆ ఒక్కసారి ఆ వ్యాపారి ముందు నిలబడాల్సింది మనం కాదు, గాజువాక తమ్ముడు.

ఇంకో సంగతి, దీన్ని కిల్ కొట్టేముందు కచ్చితంగా చూడాల్సింది: ప్రాక్ డైరెక్టరీ లోపల ఆ పీఐడీ (ప్రాసెస్ నంబరు) పేరుతో ఉన్న డైరెక్టరీ, దానిలో ఎఫ్‌డీ. ఆ ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైళ్లన్నీ అక్కడ కనిపిస్తాయి. డిస్క్ ఫైలు పక్కన 'డిలీటెడ్' అని ఉంటే, ఎవరో ఆ ఫైలుని ఎప్పుడో ఆర్‌ఎం కొట్టి చెరిపేశారని అర్థం. వీఎం బతికున్నంత వరకే ఆ డేటా ఉంటుంది. కిల్ కొట్టిన క్షణం డిస్క్ కూడా పోతుంది. పేరు ఒకటే ఉన్నంత మాత్రాన డేటా డైరెక్టరీలో కనిపించే ఫైలు, వీఎం వాడుతున్న ఫైలు ఒకటే అనుకోకూడదు.

ద్వారకానగర్_హార్డ్‌వేర్ | 9:52

డిలీట్ అయిన ఫైలు సంగతి నాకు తట్టలేదు అక్కా. ఒప్పుకుంటున్నాను, కిల్ వద్దు.

సీతమ్మధార_లినక్స్ | 9:58

తమ్ముడూ, ఇప్పుడు పీఎస్‌లో క్యూఎము ప్రాసెస్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. కేవీఎంలో ప్రతి వీఎం ఒక మామూలు లినక్స్ ప్రాసెస్సే, దాని ఒక్కొక్క వీసీపీయూ (వర్చువల్ సీపీయూ) ఒక్కొక్క థ్రెడ్. మేనేజర్‌లో 4 ఉంటే ఇక్కడ 5 ఉండాలి. లిబ్‌వర్ట్ లేపిన వాటి కమాండ్ లైను చాంతాడంత ఉంటుంది, పేరు దగ్గర గెస్ట్ అని మొదలవుతుంది, యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఉంటుంది. ఐదోది ఎలా ఉందో చెప్పు. దాని సీగ్రూప్ (ఆ ప్రాసెస్ ఏ సర్వీసు గుంపులో ఉందో) కూడా చూడు. లిబ్‌వర్ట్ లేపినవి మెషిన్ స్లైస్‌లో ఉంటాయి. ఇది ఎక్కడుందో దాన్నిబట్టి కన్నది ఎవరో తెలుస్తుంది.

గాజువాక_అడ్మిన్ | 10:15

దొరికింది! 5 ఉన్నాయి. ఐదోదాని కమాండ్ లైను రెండే లైన్లు. కేవీఎం ఎనేబుల్, 8192 మెమరీ, 4 సీపీయూలు, డ్రైవ్ ఫైలు, బ్రిడ్జికి ట్యాప్ (నెట్‌వర్క్), వీఎన్‌సీ 5 (దూరం నుంచి చూసే తెర), చివర డీమనైజ్ (వెనక నడవమని). పేరు లేదు, యూయూఐడీ లేదు. సీగ్రూప్‌లో క్రాన్ సర్వీస్ (పనులను సమయానికి తానే మొదలుపెట్టేది) అని ఉంది. రూట్ క్రాన్‌టాబ్ తీస్తే సర్వర్ లేచినప్పుడల్లా నడిచే రీబూట్ లైను ఒకటి ఉంది, అది ఒక స్క్రిప్టుని పిలుస్తోంది. 11 నెలల కింద సర్వర్ లేచినప్పటి నుంచి నడుస్తోంది. ఎఫ్‌డీలో డిస్క్ ఫైలు సరిగ్గానే ఉంది, డిలీటెడ్ అని లేదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

ఏయూ_ఎంటెక్ | 10:22

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నాకు ఒక ప్రాథమిక సందేహం. కళ్లముందు ప్రాసెస్ నడుస్తుంటే లిబ్‌వర్ట్ దాన్ని ఎందుకు పట్టుకోలేదు? ల్యాబ్‌లో మేం లిబ్‌వర్ట్‌డీని (లిబ్‌వర్ట్ తరఫున వెనక నడిచే సర్వీసు, అంటే డీమన్) రీస్టార్ట్ చేసినా వీఎంలన్నీ మళ్లీ కనిపించాయి. అంటే నడుస్తున్న వాటిని అది వెతికి పట్టుకుంటుంది కదా?

సీతమ్మధార_లినక్స్ | 10:41

మంచి ప్రశ్న. జవాబు: లిబ్‌వర్ట్ వెతకదు. తాను రాసిపెట్టుకున్న చీటీ చదువుకుంటుంది.

వీఎంని లేపినప్పుడు లిబ్‌వర్ట్ రెండు చోట్ల రాసుకుంటుంది. ఈటీసీ లోపల ఉండే ఎక్స్‌ఎంఎల్ శాశ్వతం, ఈ వీఎం ఎలా ఉండాలి అన్నది దానిలో ఉంటుంది. రన్ డైరెక్టరీలో ఇంకో ఎక్స్‌ఎంఎల్ ఉంటుంది, అది ఈ క్షణం చీటీ: పీఐడీ ఎంత, వీసీపీయూ థ్రెడ్లు ఏవి, మానిటర్ సాకెట్ (క్యూఎముతో మాట్లాడే తలుపు) ఏ దారిలో ఉంది, మధ్యలో ఏదైనా పని జరుగుతోందా. డీమన్ చచ్చి మళ్లీ లేచినప్పుడు ముందు ఈ రెండో చీటీలన్నీ చదువుతుంది. ఒక్కొక్క దానిలో ఉన్న సాకెట్‌కి వెళ్లి తలుపు కొడుతుంది. అవతల క్యూఎము పలికితే క్యూఎంపీ భాషలో, అంటే జేసన్ సందేశాల్లో, 'ఎలా ఉన్నావు' అని అడిగి లెక్క సరిచేసుకుంటుంది. పలకకపోతే ఆ వీఎం ఆగిపోయిందని రాసుకుంటుంది. డీమన్ పోయినా వీఎం పోకుండా ఉండటానికి సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్లో కిల్ మోడ్ ప్రాసెస్ అని పెట్టారు, చూడండి.

రన్ డైరెక్టరీ ర్యామ్‌లో ఉంటుంది, రీబూట్ అయితే చెరిగిపోతుంది. అలా ఉండటమే సరి. సర్వర్ రీబూట్ అయితే వీఎంలూ ఉండవు కదా, వాటి పీఐడీలతో పనేముంది.

గాజువాక తమ్ముడి వీఎంని క్రాన్ లేపింది. దానికి చీటీ లేదు, మానిటర్ సాకెట్ కూడా లేదు. లిబ్‌వర్ట్ దృష్టిలో అది బ్రౌజర్ లాంటి ఇంకో ప్రాసెస్, అంతే. ఎవరైనా తెలియక రన్‌లో ఉన్న ఫైళ్లు చెరిపేసి డీమన్‌ని రీస్టార్ట్ చేస్తే, లిబ్‌వర్ట్ లేపిన వీఎంలు కూడా ఇలాగే అనాథలైపోతాయి.

ఇంకో తేడా కూడా ల్యాబ్‌లో చేసి చూడు. నడుస్తున్న వీఎంని అన్‌డిఫైన్ చేస్తే అది ఆగదు, శాశ్వత ఎక్స్‌ఎంఎల్ మాత్రమే పోయి తాత్కాలిక వీఎం అవుతుంది. ఆపిన మరుక్షణం జాబితాలోంచి మాయమవుతుంది. ఆపకముందే డంప్ ఎక్స్‌ఎంఎల్ తీసి డిఫైన్ చేస్తే మళ్లీ శాశ్వతం.

ఏయూ_ఎంటెక్ | 10:49

అర్థమైంది అన్నా. మరి కెర్నల్‌ని అడిగితే? కేవీఎం కెర్నల్‌లోనే ఉంది కదా, దానికి అన్నీ తెలియాలి.

సీతమ్మధార_లినక్స్ | 10:57

కొంత తెలుసు. డీబగ్ ఎఫ్‌ఎస్ కింద కేవీఎం డైరెక్టరీలో పీఐడీతో ఒక్కొక్క వీఎంకి ఒక ఫోల్డర్ ఉంటుంది. కానీ కెర్నల్‌కి పేరు తెలియదు, ఏ డిస్కో తెలియదు, ఎవరిదో తెలియదు. ఆ సంగతులన్నీ క్యూఎము దగ్గర ఉంటాయి. జెన్ అనే ఇంకో వర్చువలైజేషన్ వ్యవస్థలో ఇలా కాదు. అక్కడ హైపర్‌వైజర్ (వీఎంలను నడిపే పొర) అందరికంటే కింద ఉండి డొమైన్ల, అంటే వీఎంల, జాబితా తనే ఉంచుకుంటుంది. ఎక్స్‌ఎల్ లిస్ట్ కొడితే నేరుగా దాన్నే అడుగుతుంది. నేను జెన్ నుంచి కేవీఎంకి మారినప్పుడు మొదటి నెల నన్ను తికమక పెట్టింది ఇదే.

రుషికొండ_రాత్రిషిఫ్ట్ | 11:05

వీఎంవేర్ వైపు నుంచి ఒక మాట. వాళ్ల హైపర్‌వైజర్ ఈఎస్‌ఎక్స్‌ఐలో హోస్ట్‌డీ అనే ఏజెంట్ దగ్గర ఆ సర్వర్‌లో రిజిస్టర్ అయిన వీఎంల జాబితా ఉంటుంది. సర్వర్లన్నింటినీ ఒకచోట చూసుకునే వీసెంటర్‌కి ఆ సర్వర్‌ని కలిపినప్పుడు వీపీఎక్స్‌ఏ అనే ఇంకో ఏజెంట్ చేరి, హోస్ట్‌డీని అడిగి నడుస్తున్నవాటితో సహా మొత్తం పైకి చెబుతుంది. అందుకే అక్కడ ఇలాంటి దత్తత తేలిక, వీఎంని ఆపక్కర్లేదు. సర్వర్ 10 సెకన్లకొకసారి వీసెంటర్‌కి హార్ట్‌బీట్ పంపుతుంది. 60 సెకన్లు అందకపోతే 'నాట్ రెస్పాండింగ్' అని చూపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు అది చూసి వీఎంలన్నీ పడిపోయాయని కంగారుపడి నన్ను నిద్రలేపుతారు. పడిపోయింది మాటలు మాత్రమే, వీఎంలు కాదు.

పెందుర్తి_క్లౌడ్ | 11:18

దీనికి సరిగ్గా ఎదురు కథ క్లౌడ్ నడిపే ఓపెన్‌స్టాక్‌ది. అక్కడ వీఎంలను చూసుకునే భాగం నోవా, దాని డేటాబేస్ చెప్పిందే వేదం. నోవా కంప్యూట్ డిఫాల్ట్‌గా 600 సెకన్లకొకసారి డేటాబేస్‌నీ హైపర్‌వైజర్‌నీ పోల్చి చూస్తుంది. డేటాబేస్‌లో 'ఆగింది' అని ఉండి కింద నిజంగా నడుస్తుంటే, నోవా దాన్ని ఆపేస్తుంది.

నేను ఇందులో 2 రాత్రులు పోగొట్టుకున్నాను. డ్యాష్‌బోర్డు మొరాయిస్తోందని ఒక వీఎంని సర్వర్‌లోకి వెళ్లి వర్ష్ స్టార్ట్‌తో లేపాను. పది నిమిషాల్లోపే ఆగిపోయింది. మళ్లీ లేపాను, మళ్లీ ఆగింది. గెస్ట్‌లో లోపం అనుకుని తెల్లార్లూ గెస్ట్ లాగులు చదివాను. కారణం గెస్ట్‌లో లేదు, నా వర్ష్ స్టార్ట్‌లో ఉంది. డేటాబేస్‌లో డిలీట్ అయి కింద ఇంకా నడుస్తున్నవాటిని కూడా అది డిఫాల్ట్‌గా తుడిచేస్తుంది. పైన ఒక యజమాని ఉన్నప్పుడు కింద చెయ్యి పెట్టకూడదు. తనకు తెలియని వీఎంల జోలికి మాత్రం నోవా పోదు, చూసీ చూడనట్టు ఉంటుంది.

గాజువాక_అడ్మిన్ | 11:26

ఇవన్నీ చదువుతుంటే నా పరిస్థితి ఇంకా స్పష్టమవుతోంది. అయితే ఇప్పుడు దీన్ని ఆపకుండా లిబ్‌వర్ట్‌లోకి తీసుకురావచ్చా? క్యూఎము అటాచ్ అనే వర్ష్ కమాండ్ ఉందని ఎక్కడో చదివాను. ఇంకో చిక్కు, గెస్ట్ సెంట్‌ఓఎస్ 7. దాని రూట్ పాస్‌వర్డ్ నా దగ్గర లేదు. ఆ అన్న ఫోన్ ఎత్తడం లేదు.

సీతమ్మధార_లినక్స్ | 11:44

అటాచ్ ఉండేది, ఇప్పుడు లేదు, లిబ్‌వర్ట్ నుంచి తీసేశారు. ఉన్నా నీకు పనికిరాదు, దానికి యూనిక్స్ సాకెట్ మీద మానిటర్ ఉండాలి. కాబట్టి ఒకసారి ఆపాల్సిందే. పద్ధతిగా ఆపుదాం.

పాస్‌వర్డ్ లేకపోయినా దారుంది. చేత్తో లేపిన క్యూఎముకి మానిటర్ ఎక్కడ పెట్టాలో చెప్పకపోతే అది వీఎన్‌సీ తెర వెనకే ఉంటుంది. వీఎన్‌సీ 5 అంటే 5905 పోర్టు. దానికి కనెక్ట్ అయి కంట్రోల్, ఆల్ట్, 2 కలిపి నొక్కు. నల్ల తెర మీద క్యూఎము ప్రాంప్ట్ వస్తుంది. ఇన్ఫో స్టేటస్ అడుగు, రన్నింగ్ అని రావాలి. ఇన్ఫో బ్లాక్ అడిగితే డిస్క్, ఇన్ఫో నెట్‌వర్క్ అడిగితే మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు) చెబుతుంది. అవి రాసుకో. రేపు రాత్రి అక్కడే సిస్టమ్ పవర్‌డౌన్ అని కొట్టు. అది పవర్ బటన్ ఒకసారి నొక్కినట్టు ఏసీపీఐ సంకేతం పంపుతుంది, సెంట్‌ఓఎస్ 7 దానికి మర్యాదగా షట్‌డౌన్ అవుతుంది. క్విట్ అని మాత్రం కొట్టకు, అది ప్లగ్ పీకడమే. గెస్ట్ తెరకి తిరిగి రావాలంటే కంట్రోల్, ఆల్ట్, 1.

ఒక హెచ్చరిక. పాస్‌వర్డ్ లేని ఆ వీఎన్‌సీ ఆ కొట్టు నెట్‌వర్క్ అంతటికీ తెరిచి ఉంది. ఇన్ని నెలలు ఎవరైనా వచ్చి ఆ క్విట్ కొట్టగలిగేవాళ్లు. కొత్త ఎక్స్‌ఎంఎల్‌లో లోకల్‌హోస్ట్‌కి కట్టెయ్.

మధురవాడ_ప్రాక్స్‌మాక్స్ | శనివారం ఉదయం 7:30

కొత్తగా డిఫైన్ చేసేటప్పుడు పాత హార్డ్‌వేర్‌ని అలాగే ఉంచు తమ్ముడూ. మెషిన్ టైప్ చెప్పకపోతే క్యూఎము పాత 'పీసీ' రకం తీసుకుంటుంది, డిస్క్ ఐడీఈ (పాత రకం డిస్క్ కనెక్షన్) మీద ఉంటుంది. కొత్త వర్ట్ ఇన్‌స్టాల్ మాత్రం క్యూ35 ఎంచుకుంటుంది, దానిలో ఐడీఈ లేదు. వేగం కోసం వర్టయో (వీఎంల కోసమే చేసిన కనెక్షన్) పెడదామనిపిస్తుంది, ఈ రాత్రికి వద్దు. సెంట్‌ఓఎస్ 7 ఇనిట్ ర్యామ్ ఎఫ్‌ఎస్‌లో (బూట్ మొదట్లో లోడయ్యే ఫైళ్లలో) వర్టయో డ్రైవర్ లేకపోతే బూట్ మధ్యలో ఆగుతుంది. ఇంపోర్ట్ ఆప్షన్, మెషిన్ పీసీ, డిస్క్ బస్ ఐడీఈ, పాత మ్యాక్. నెట్‌వర్క్ కార్డు కూడా స్క్రిప్టులో ఉన్న మోడలే, స్లాట్ 3 లోనే పెట్టు, లేకపోతే లోపల ఇంటర్‌ఫేస్ పేరు మారిపోయి ఐపీ రాదు.

ఆగిన తర్వాత, లిబ్‌వర్ట్‌లో మొదటిసారి లేపకముందే ఫైలు కాపీ తీసుకో. బ్యాకింగ్ ఫైలు (ఇది ఆధారపడే ఇంకో డిస్క్ ఫైలు) ఏదైనా ఉందేమో క్యూఎము ఇమేజ్ ఇన్ఫోతో చూడు. నడుస్తుండగానే చూడాలంటే ఫోర్స్ షేర్ ఆప్షన్ ఇవ్వాలి, లేకపోతే లాక్ అడ్డొస్తుంది.

కేవీఎం మీదే నడిచే మా ప్రాక్స్‌మాక్స్‌లో కూడా మూలం ఇదే: వీఎం నంబరుతో ఒక పీఐడీ ఫైలు, ఒక క్యూఎంపీ సాకెట్. క్లస్టర్‌లో కోరం (సర్వర్లలో మెజారిటీ) పోతే కాన్ఫిగ్ రాయనివ్వదు, నడుస్తున్న వీఎంలు మాత్రం సాధారణంగా నడుస్తూనే ఉంటాయి.

ఏయూ_ఎంటెక్ | ఉదయం 8:02

క్రాన్‌టాబ్‌లో ఆ రీబూట్ లైను తీసెయ్యాలి కదా? ఆటోస్టార్ట్ పెట్టి ఆ లైను మర్చిపోతే, రీబూట్ అయ్యాక క్రానూ లిబ్‌వర్టూ రెండూ అదే డిస్క్ కోసం పోటీపడతాయి. లాక్ ఎవరికి ముందు దొరికితే వాళ్లది.

సీతమ్మధార_లినక్స్ | ఉదయం 8:10

సరిగ్గా పట్టుకున్నావు. మేమిద్దరం చెప్పకుండా వదిలేసిన ముఖ్యమైన సంగతి అది.

గాజువాక_అడ్మిన్ | ఆదివారం తెల్లవారుజామున 1:35

అయిపోయింది. ఇప్పుడే ఇంటికి చేరాను, పడుకునే ముందు రాస్తున్నాను.

10 గంటలకి షట్టర్ వేశాక మొదలుపెట్టాను. వీఎన్‌సీలో కంట్రోల్, ఆల్ట్, 2 నొక్కగానే ఆ ప్రాంప్ట్ వచ్చినప్పుడు కలిగిన ధైర్యం మాటల్లో చెప్పలేను. మ్యాక్ 52:54:00:12:34:56. సిస్టమ్ పవర్‌డౌన్ కొట్టి గెస్ట్ తెరకి వచ్చాను. సర్వీసులు ఒక్కొక్కటీ ఆగడం కనిపించింది, డేటాబేస్ ఆగడానికి ఒక నిమిషం పైనే పట్టింది. అప్పుడు టెన్షన్ పడ్డాను కానీ చెయ్యి పెట్టలేదు. ప్రాసెస్ పోయింది, లాక్ పోయింది. కాపీకి సుమారు పావుగంట. క్రాన్ లైను తీసేశాను, అక్క చెప్పినట్టే ఇంపోర్ట్ చేశాను. మొదటిసారికే లేచింది, అదే ఐపీ వచ్చింది. ఆ తర్వాత కెర్నల్ అప్‌డేట్, రీబూట్. వర్ష్ లిస్ట్‌లో 5 వీఎంలు. యజమానిని పిలిచి ఒక బిల్లు కొట్టించి, పాత బిల్లులు కూడా తెరిపించి చూశాను.

లిబ్‌వర్ట్‌డీని రీస్టార్ట్ చేసి కూడా చూశాను, అన్న చెప్పిన తలుపు కొట్టడం నిజంగా పనిచేస్తుందా అని. 5 మళ్లీ కనిపించాయి, బిల్లింగ్ ఒక్క పింగ్ కూడా పోగొట్టుకోలేదు.

సీతమ్మధార_లినక్స్ | ఉదయం 6:50

చాలా సంతోషం తమ్ముడూ. ఆ డేటాబేస్ నిమిషంలో చెయ్యి పెట్టకుండా ఆగావు చూడు, అది పెద్ద పని. ఇక ఒక విషయం. 52:54:00:12:34:56 అనేది ఎవరూ మ్యాక్ ఇవ్వకపోతే క్యూఎము తనంతట తానే పెట్టుకునేది. ఆ అన్న ఇదే స్క్రిప్టుని ఇంకెక్కడైనా వాడి ఉంటే అక్కడ కూడా ఇదే మ్యాక్ ఉంటుంది. రెండూ ఒకే నెట్‌వర్క్‌లో పడితే కనెక్షన్లు కారణం తెలియకుండా తెగిపోతుంటాయి.

గాజువాక_అడ్మిన్ | ఉదయం 9:20

అన్నా, మీరు చెప్పాక గోడౌన్ సర్వర్‌లోకి వెళ్లి చూశాను. అక్కడ వర్ష్ లిస్ట్‌లో 2 ఉన్నాయి, పీఎస్‌లో 3. మూడోది అదే స్క్రిప్టు, అదే మ్యాక్. గోడౌన్ నెట్‌వర్క్ వేరు కాబట్టి ఇంతవరకు బయటపడలేదు. ఎఫ్‌డీ చూస్తే ఈసారి డిస్క్ పక్కన 'డిలీటెడ్' అని ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దని అక్కడివాళ్లకి చెప్పాను, సర్వర్‌కి యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో కూడా కనుక్కున్నాను. ఇంకో థ్రెడ్ తెరుస్తున్నాను, మధురవాడ అక్కా, మీరు దయచేసి అక్కడికి రండి.

మధురవాడ_ప్రాక్స్‌మాక్స్ | ఉదయం 9:23

వస్తున్నాను. ఈలోగా ఆ వీఎంని ఆపకు. దాని లోపలికి లాగిన్ దొరుకుతుందేమో కనుక్కుని, డేటాబేస్ డంప్‌ని ముందు నెట్‌వర్క్ మీదుగా బయటికి తీయించు.